రిప్లై కొట్టే ముందు మెయిల్ ఎవరెవరికి పోతుందో చూసుకోవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓ ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూస్తుంటాను. ఓసారి మద్రాసు పార్టీ తేజ రకం మిర్చి రేటు అడిగితే, క్వింటాకి ఎంతవరకు తగ్గగలమో రాసి పంపేశాను. ఆయన సీసీలో, అంటే మెయిల్ నకలు వెళ్లేవాళ్ల వరసలో, ఇంకో కొనుగోలుదారుని పెట్టిన సంగతి చూసుకోలేదు. పది నిమిషాల్లో ఆ రెండో ఆయన ఫోను: "ఏమండీ, మాకూ అదే రేటు వేసెయ్యండి!"

ఏ బటన్ ఏ అడ్రసులు తీసుకుంటుందో ముందు తెలియాలి. రిప్లై నొక్కితే జవాబు మామూలుగా పంపినవారికే పోతుంది. రిప్లై ఆల్ నొక్కితే టూ, సీసీల్లో ఉన్నవాళ్లందరికీ పోతుంది. బీసీసీలో, అంటే చాటుగా నకలు అందుకునే వరసలో, ఉన్నవాళ్లు మీకు కనపడరు, మీ జవాబూ వాళ్లకి చేరదు. మిమ్మల్నే ఎవరైనా బీసీసీలో పెట్టి ఉంటే మాత్రం రిప్లై ఆల్ జోలికి పోకండి. చాటు నుంచి విన్న మాటకి గట్టిగా బదులు చెప్పినట్టుంటుంది.

ఇక పద్ధతి. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, పంపినవారి పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కండి. ఫ్రమ్, టూ, సీసీ విడివిడిగా కనపడతాయి. అక్కడ 'రిప్లై టూ' అనే వరస కూడా ఉంటే కాస్త ఆగండి. ఫ్రమ్‌లో ఏమున్నా జవాబు ఈ వరసలోని అడ్రసుకే పోతుంది. అందులో రెండు మూడు అడ్రసులుంటే, ఉత్త రిప్లై కొట్టినా అన్నిటికీ పోతుంది. బిల్లు ఒకరు పంపి, జవాబులు అకౌంట్స్ వాళ్లకి రావాలనుకునే కంపెనీలకి ఇది మామూలే. మోసగాళ్లూ దీన్నే వాడతారు. "మా బ్యాంకు ఖాతా మారింది" అన్న మెయిల్‌లో ఫ్రమ్ ఒకటి, రిప్లై టూ ఇంకొకటి ఉంటే జవాబు రాయకండి. మీ దగ్గరున్న పాత నంబరుకి ఫోను చేయండి.

తర్వాత రిప్లై నొక్కి, ఒక్క అక్షరం రాయకముందే పైనున్న పేర్ల మీద నొక్కండి. అక్కర్లేని పేరు పక్కన ఇంటూ గుర్తు కొడితే పోతుంది.

చివరి పని కంప్యూటర్‌లో, ఒక్కసారి చేస్తే చాలు. సెట్టింగ్స్‌లో జనరల్‌కి వెళ్లి 'డిఫాల్ట్ రిప్లై బిహేవియర్' దగ్గర రిప్లై ఎంచుకోండి. మా ఆఫీసులో అది రిప్లై ఆల్ మీద ఉండేది, అదీ నా కథ. అక్కడే, పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే 'అన్‌డూ సెండ్'కి 5, 10, 20, 30 సెకన్లని ఉంటాయి. 30 పెట్టి, అడుగున సేవ్ చేంజెస్ నొక్కండి. తేజ రేటు పంపిన రోజున నాది 5 మీద ఉంది.