కారు బ్యాటరీ మార్చే ముందు

సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఆగిపోయిందా? వెంటనే బ్యాటరీ కొనేయకండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్ల (వైర్లు తగిలించే మొనల) మీద పచ్చగా, తెల్లగా పొక్కు కట్టి కరెంటు పారదు. వైర్ల క్లాంపులు విప్పి, తినే సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి పైన వాజలీన్ రాయండి.

అప్పటికీ లేవకపోతే మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులుంటే ఫుల్ చార్జి, 12.2 అంటే దాదాపు సగమే. ఫుల్ చార్జి చేశాక కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి జారితే బ్యాటరీ అయిపోయినట్టే. ఇంజన్ నడుస్తుంటే మామూలు బళ్లలో 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే ముందు ఆల్టర్నేటర్ (నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది), దాన్ని తిప్పే బెల్టు చూపించండి; లేదంటే కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది.

ఎక్సైడా, అమరానా అని తల పట్టుకోనక్కర్లేదు, రెండూ నమ్మదగినవే. తయారీ నెల చూడండి; ఆరు నెలలు షాపులో కూర్చున్నది వద్దు. వారంటీలో ఫ్రీ రీప్లేస్‌మెంట్ ఎన్ని నెలలో, ప్రోరేటా (వాడిన కాలాన్ని బట్టి కొంత తగ్గింపు మాత్రమే ఇచ్చేది) ఎన్ని నెలలో విడిగా అడగండి. ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం), సైజు, ప్లస్ ఏ వైపు ఉందో పాతదానితో కలవాలి. స్టార్ట్-స్టాప్ బండికి (ఆగినప్పుడు ఇంజన్ తనే ఆగి, తనే స్టార్టయ్యేది) ఈఎఫ్‌బీ, ఏజీఎం అనే ప్రత్యేక రకం బ్యాటరీల్లో బండి కంపెనీ ఏది వేస్తే అదే.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. బ్యాటరీని కదలకుండా పట్టే కింది క్లాంపు వదులుంటే కాలవగట్టు గతుకులకు లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి. పాతది షాపుకే ఇస్తే బిల్లులో తగ్గిస్తారు.