రీపర్‌లో రికార్డింగులతో నిండిన డిస్కును ఖాళీ చేయడం ఎలా?

ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్ల డిస్కు నిండిపోవడానికి చాలావరకు కారణం పూర్తయిన పాటలు కావు, వద్దనుకున్న టేకులు, అంటే ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ రికార్డు చేసిన ప్రయత్నాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తింటుంది. నాలుగు నిమిషాల పాటను పదిసార్లు పాడితే గొంతుకే 345 ఎంబీ అయిపోతుంది. వయొలిన్‌కో మైకు, మృదంగానికి రెండు మైకులు పెట్టారంటే ఒక్క పాటే జీబీ దాటేస్తుంది. 96 కిలోహెర్ట్జ్‌లో అయితే ఇదంతా రెట్టింపు.

ఈ చోటును ఎలా ఖాళీ చేయాలో రీపర్ అనే ఆడియో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెబుతాను. మిగతా సాఫ్ట్‌వేర్లలో మెనూ పేర్లు వేరుగా ఉన్నా పద్ధతి దాదాపు ఇదే.

ముందుగా తెలియాల్సింది ఇది: తెరమీద ఆడియో ముక్కను డిలీట్ చేస్తే ప్రాజెక్టులోంచి మాత్రమే పోతుంది, డిస్కులో వేవ్ ఫైలు అలాగే ఉంటుంది. ఇక పల్లవిని కాపీ చేసి నాలుగు చోట్ల అతికించినా కొత్త ఫైలేమీ పుట్టదు, నాలుగు ముక్కలూ ఒకే ఫైలును చదువుకుంటాయి. గ్లూ (ముక్కలను ఒకటిగా అతికించడం), ఫ్రీజ్ (ట్రాకును ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చడం), రెండర్ (మిక్సును ఫైలుగా రాయడం) చేసినప్పుడే కొత్త ఫైళ్లు వస్తాయి, పాతవీ ఉండిపోతాయి.

1. ప్రాజెక్టును ఒకే ఫోల్డర్‌లోకి చేర్చండి

ఫైల్ మెనూలో ‘సేవ్ ప్రాజెక్ట్ యాజ్’ తెరిచి, ప్రాజెక్టుకు సబ్ డైరెక్టరీ సృష్టించమనే గడికీ, మీడియా అంతా అందులోకి కాపీ చేయమనే గడికీ టిక్ పెట్టండి. డౌన్‌లోడ్స్‌లో ఉన్న కరోకే ట్రాకూ, పెన్‌డ్రైవ్ నుంచి లాగిన తంబురా శ్రుతీ అన్నీ ఒకచోటికి వస్తాయి. ఇలా ఒక్కసారే చేయండి. సవరించిన ప్రతిసారీ ఇదే దారిలో సేవ్ చేస్తే ఆడియో మొత్తం మళ్లీ మళ్లీ కాపీ అవుతుంది. నేను చూసిన డూప్లికేట్లలో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. తర్వాతి మార్పులకు ‘సేవ్ న్యూ వెర్షన్ ఆఫ్ ప్రాజెక్ట్’ చాలు. అది రాసేది చిన్న ప్రాజెక్టు ఫైలునే, ఆడియో జోలికి పోదు.

2. అక్కర్లేని టేకులు వదిలించుకోండి

ఒక ముక్కలో పది టేకులు పేర్చి ఉంటే, వినిపించేది ఒకటే అయినా పదీ వాడుకలో ఉన్నట్టే లెక్క. నచ్చిన టేకు ఎంచుకుని, ముక్క మీద రైట్ క్లిక్ చేసి, టేక్ మెనూలో ‘క్రాప్ టు యాక్టివ్ టేక్’ నొక్కి సేవ్ చేయండి. రెండో ఆలోచన ఉన్న టేకును మాత్రం ఉంచుకోండి. పోయిన గమకం మళ్లీ అలాగే పలుకుతుందన్న నమ్మకం లేదు.

3. శుభ్రం చేయండి

ఫైల్ మెనూలో ‘క్లీన్ కరెంట్ ప్రాజెక్ట్ డైరెక్టరీ’ నొక్కితే ప్రాజెక్టు వాడని ఫైళ్ల జాబితా వస్తుంది. అన్నీ ఎంచుకుని వెంటనే తుడిచేయకండి. అదే ఫోల్డర్‌లో పాట తాలూకు వేరే వెర్షన్లు ఉంటే, ఇక్కడ అక్కర్లేని ఫైలు వాటికి కావాల్సి రావచ్చు. మీరు రెండర్ చేసుకున్న ఫైనల్ మిక్సు కూడా జాబితాలో కనిపించవచ్చు. చూసుకుని, ముందు రీసైకిల్ బిన్‌కే పంపండి. ప్రాజెక్టును మూసి, మళ్లీ తెరిచి, పాట మొత్తం విన్నాకే బిన్ ఖాళీ చేయండి. అప్పటిదాకా డిస్కులో చోటు పెరగదు.

రీపీక్స్ అనే ఫైళ్లు కేవలం వేవ్‌ఫామ్ బొమ్మ కోసం. తీసేసినా రీపర్ మళ్లీ తయారుచేసుకుంటుంది, పెద్దగా చోటూ కలిసిరాదు.

4. డూప్లికేట్లను వెతికే టూల్స్ ఆఖరున

డూప్‌గురు, చ్కాఫ్కా రెండూ ఉచితమే. పేరు, సైజులను బట్టి కాకుండా లోపలి డేటాను, అంటే దాన్నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి హ్యాష్‌ను పోల్చే పద్ధతి ఎంచుకోండి. ఒకే చరణాన్ని ఒకే నిడివిలో రెండుసార్లు పంచ్ చేస్తే (ఆ భాగాన్నే మళ్లీ రికార్డు చేస్తే) సైజు సమానంగానే ఉంటుంది, పాడింది మాత్రం వేరు. ఈ టూల్స్‌ను లూపుల, శాంపిళ్ల ఫోల్డర్లకే పరిమితం చేయండి. ప్రాజెక్టు ఫోల్డర్లలో వదిలితే, రీపర్ వెతికే చోట ఫైలు మాయమై ‘మిస్సింగ్ మీడియా’ అంటుంది. లైబ్రరీలో తీసేసిన కాపీని ఏ పాత ప్రాజెక్టో నేరుగా వాడుతున్నా ఇదే తిప్పలు, అందుకే మొదటి మెట్టు ముందు పూర్తి చేయమన్నది.

5. పూర్తయిన పాటలు బయటి డిస్కుకు

24 బిట్ వేవ్ ఫైళ్లను ఫ్లాక్ అనే ఆడియో ఫార్మాట్‌లోకి మారిస్తే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా చాలా చోటు మిగులుతుంది. 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేసి ఉంటే ఫ్లాక్ కాదు, అలాంటిదే అయిన వేవ్‌ప్యాక్ ఫార్మాట్ వాడాలి. ఎంపీ3లోకి మాత్రం మార్చొద్దు, రేపు మళ్లీ మిక్స్ చేయాల్సి వస్తే పోయిన నాణ్యత తిరిగి రాదు.

కాపీ అయ్యాక ల్యాప్‌టాప్‌లోని పాత ఫోల్డర్‌కు తాత్కాలికంగా వేరే పేరు పెట్టి, బయటి డిస్కులోంచి ప్రాజెక్టు తెరవండి. పేరు మార్చకపోతే రీపర్ కొన్ని ఫైళ్లను పాత చోటు నుంచే చదువుతూ అంతా బాగున్నట్టు కనిపించవచ్చు. పాట ఆసాంతం వినిపిస్తే పాత ఫోల్డర్ తీసేయవచ్చు, అయితే అంతకుముందే ఇంకో డిస్కులోకి మరో కాపీ చేసుకోండి.