బడిలో మనసు మాట – మూడో పాఠం: పిల్ల నోరు విప్పినప్పుడు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? వారం పాటు ఒకే ఒక్క పిల్లనో పిల్లాడినో గమనించి, కంటికి కనిపించిన మార్పు మాత్రమే రాయమన్నాను. ‘డల్‌గా ఉంది’ అని కాదు, ‘మూడు రోజులుగా లంచ్ బాక్స్ మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్తోంది’ అని. రాయనివాళ్లు ముందు అది రాసుకోండి. ఈ పాఠం దాని మీదే నడుస్తుంది.

ఆ బాక్స్ సంగతి ముందు చూసింది ఆయమ్మ అనుకుందాం. మన హైదరాబాద్ బడుల్లో చాలాసార్లు జరిగేది అదే. క్లాస్ టీచర్ కంటే ముందు ఆయమ్మకో, కూకట్‌పల్లి రూట్ బస్సు డ్రైవర్‌కో తెలుస్తుంది. అందుకే ఈ పాఠాలు టీచర్లకు మాత్రమే కాదని మొదటి నుంచీ అంటున్నాను. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసే.

ఇప్పుడు మాట్లాడాలి. స్టాఫ్ రూముకు పిలిపించకండి, అక్కడికి రమ్మంటే తప్పు చేశాననే అనుకుంటుంది. గ్రౌండ్ పక్కన నడుస్తూనో, మెట్ల మీద పక్కపక్కన కూర్చునో అడగండి. చూసింది చెప్పి, ఒక్క ప్రశ్న వేయండి: “మూడు రోజులుగా బాక్స్ తెరవట్లేదు కదా, తినబుద్ధి కావట్లేదా?”

తర్వాత ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఇదే అన్నిటికన్నా కష్టం. క్లాసులో ప్రశ్న అడిగి, జవాబు కూడా మనమే చెప్పేసే అలవాటు మనది. నేను మొదటిసారి ప్రాక్టీస్ చేసినప్పుడు నాలుగు దాకా లెక్కపెట్టి సలహా మొదలుపెట్టేశాను.

“మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చారు” అందనుకోండి. ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతికే దిగిపోయిన ఊరు మనది, ఇది వింత కాదు. “ఈ వయసులో నీకేం టెన్షన్?” అనొద్దు. “మీ నాన్న ఫీజు ఎలా కడుతున్నాడో తెలుసా?” అసలే అనొద్దు. విన్నది తిరిగి చెప్పండి: “అంటే ఆ సెక్షన్‌లో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరన్నమాట.” తప్పుగా అర్థం చేసుకుంటే తనే సరిదిద్దుతుంది. డిప్రెషన్ లాంటి పేర్లు పెట్టడం మన పని కాదు.

“ఎవరికీ చెప్పనని ఒట్టేయండి మేడమ్” అంటే ఒట్టేయకండి. “నీకు ప్రమాదం ఉంటే ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా” అనండి. లైంగిక వేధింపు బయటపడితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. బడి పరువు పోతుందని దాచిపెట్టడమే నేరం. మళ్లీ మళ్లీ గుచ్చి అడగకండి. పిల్లల సాయానికి ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 రాత్రీపగలూ పనిచేస్తుంది.

“చచ్చిపోవాలనిపిస్తోంది” అన్నా, అన్నట్టు అనిపించినా సూటిగా అడగండి: “ప్రాణం తీసుకోవాలని అనుకుంటున్నావా?” అడిగితే లేని ఆలోచన పుట్టదు. పాపను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. ప్రిన్సిపాల్‌ను అక్కడికే రప్పించి, ఇంటివాళ్లను పిలిపించి, అదే రోజు వైద్యుడికి చూపించాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మన ఊళ్లోనే ఉంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నొక్కితే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, మీరు కూడా చేయొచ్చు.

ఈ వారం పని: శనివారం చివరి పీరియడ్‌లో ఇద్దరిద్దరు కూర్చోండి. ఆయమ్మను, డ్రైవర్ అన్నను కూడా పిలవండి. ఒకరు పిల్లలా మాట్లాడాలి, రెండోవాళ్లు ఐదు నిమిషాలు ప్రశ్న, మౌనం, తిరిగి చెప్పడం మాత్రమే చేయాలి. సలహా ఇస్తే ఓడిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. తర్వాత మారండి.

నిజంగా పిల్లతో మాట్లాడిన రోజున తేదీ వేసి, తన మాటలే ఉన్నదున్నట్టు రాసి, తాళం వేసే బీరువాలో పెట్టండి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. సాయంత్రానికల్లా బస్సులో పిల్లలంతా చెప్పుకుంటారు.

నాలుగో పాఠంలో ఈ పాప అమ్మానాన్నలను పిలిపిద్దాం. బడి గేటు దగ్గర నిలబెట్టి కాదు.