పాత బెంజ్‌లో ఆటోమేటిక్ తీసి మాన్యువల్ గేర్‌బాక్స్ ఎక్కించడం ఎలా?

నెల్లూరు ఆటోనగర్‌లో అంబాసిడర్ గేర్‌బాక్స్‌ను కళ్ళు మూసుకుని దించే మేస్త్రీలున్నారు. అదే డబ్ల్యూ123 అనే పాత మోడల్ బెంజ్ ఆటోమేటిక్‌ను తీసుకెళ్తే ఒకసారి వంగి కిందికి చూసి, "మద్రాసు తీసుకుపోన్నా" అంటారు. తప్పుపట్టలేం, లోపల పని అలాంటిది. ఆ తిరుగుడు పడలేక ఆ మోడల్‌దే అయిన నా 300డి డీజిల్ బండికి మాన్యువల్ ఎక్కించాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రెండోసారి మీకు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు అసలు ఈ పని అవసరమా అని చూసుకోండి. గేరు ఆలస్యంగా పడుతోందనో, పడేటప్పుడు తన్నుతోందనో బాక్స్ పోయిందనుకుంటాం. ఈ బండిలో గేరు ఎంత మెత్తగా పడాలో చెప్పేది ఇంజన్ నుంచి వెళ్ళే వాక్యూమ్ పైపు. మన ఎండలకు దాని రబ్బరు ముక్కలు పెళుసెక్కి పగులుతాయి. వాటిని మార్చి చూడండి. అప్పుడూ కుదరకపోతేనే పాన పట్టండి. ఆర్సీ, ఇన్సూరెన్స్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది కాబట్టి రవాణా ఆఫీసులో అడిగాకే మొదలుపెట్టండి.

తర్వాత సామాను. విడివిడిగా కొనొద్దు. మాన్యువల్ బండి ఒకటి విప్పిన చోట మొత్తం సెట్టు తీసుకోండి: గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్ (క్లచ్ మీది గంట ఆకారపు మూత), ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం), బ్రాకెట్‌తో సహా క్లచ్ పెడల్, క్లచ్ పై సిలిండర్ (పెడల్ దగ్గరిది), కింది సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గరిది), గేర్ రాడ్లు, బాక్స్ వెనక భాగాన్ని మోసే క్రాస్ మెంబర్, గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ముందు ముక్క. షాఫ్ట్ పొడవు రెండు రకాలకూ ఒకటి కాదు. చెన్నై పుదుపేటలో ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మాత్రం కొత్తవే వేయండి.

ఇక దించడం. బ్యాటరీ వైరు తీసేసి, బండిని నాలుగు గట్టి స్టాండుల మీద నిలబెట్టండి. జాకీని నమ్మి కింద పడుకోవద్దు. ఆటోమేటిక్ బాక్స్‌లోని ఎర్ర ఆయిల్ రెండు చోట్ల నుంచి తీయాలి. బాక్స్ చాంబర్‌కు ఒక బోల్టు ఉంటుంది, టార్క్ కన్వర్టర్‌కు (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే ఆయిల్ డబ్బా) ఇంకొకటి. ఇంజన్‌ను చేత్తో తిప్పుతుంటే రెండోది కింది కంతలో కనబడుతుంది. సైలెన్సర్ పైపు, షాఫ్ట్, మీటరు కేబుల్, కూలర్ పైపులు విప్పాక, కన్వర్టర్‌ను ఇంజన్ వెనక పల్చటి ప్లేటుకు పట్టి ఉంచే బోల్టులు తీసి, బాక్స్, కన్వర్టర్ రెండూ కలిపే దించండి. ఇద్దరు మనుషులు, గేర్‌బాక్స్ జాకీ లేకుండా వద్దు. రేడియేటర్‌లో కూలర్ రంధ్రాలకు బిరడాలు బిగించండి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటికి వద్దాం. ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండేది ఆ పల్చటి ప్లేటే. ఈ ఇంజన్లకు క్రాంక్‌నూ (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన షాఫ్ట్) ఆ ప్లేటునూ కలిపి బ్యాలెన్స్ చేసి ఉంటారు. నేనది పట్టించుకోకుండా పుదుపేట ఫ్లైవీల్‌ను అలాగే బిగించేశాను. కోవూరు దాటి హైవే మీద 70లో పోతుంటే లోపలి అద్దంలో వెనకొచ్చే లారీ రెండుగా కనబడింది. షాఫ్ట్ అనుకున్నాను. పక్కకు ఆపి న్యూట్రల్‌లో రేజ్ చేస్తే అదే వణుకు. మళ్ళీ అంతా దించాను. మీరు మాత్రం ప్లేటు విప్పకముందే అది క్రాంక్‌కు ఏ వైపు కూర్చుందో గుర్తు పెట్టుకుని, ప్లేటునూ ఫ్లైవీల్‌నూ కలిపి బ్యాలెన్సింగ్ షాపుకు పంపండి. ఆ ప్లేటుకు సరిపోయేలా ఫ్లైవీల్‌ను తయారుచేస్తారు. బిగించేటప్పుడు కొత్త బోల్టులు వేయాలి. పాతవి ఒకసారి సాగి ఉంటాయి.

క్రాంక్ చివర, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను పట్టి ఉంచే పైలట్ బేరింగ్ కూడా పెట్టాలి. ఆటోమేటిక్‌కు దాని అవసరం లేదు కాబట్టి అది ఉండదు. మరిచిపోతే క్లచ్ ఎంత తొక్కినా గేరు గరగరమంటుంది. క్లచ్ ప్లేటును నడిమధ్యకు తేవడానికి లేత్ షాపులో నైలాన్ కడ్డీ ఒకటి తీయించుకోండి. తలలు కోసిన రెండు పొడవాటి బోల్టులను ఇంజన్‌కు తగిలిస్తే బాక్స్ వాటి మీద జారుతూ వెళ్ళి కూర్చుంటుంది. కూర్చోకపోతే బోల్టులతో లాగొద్దు, క్లచ్ ప్లేటు పక్కకు జరిగిందన్నమాట.

పెడల్ పని మెడనొప్పి పని, అంతకు మించి కష్టం లేదు. క్లచ్‌కు ఆయిల్ వచ్చేది బ్రేక్ ఆయిల్ డబ్బా నుంచే. అందుకని క్లచ్ పైపు ముక్కు ఉన్న డబ్బా కావాలి. క్లచ్ పైపుల్లో గాలి తీయడంలోనే కిటుకుంది. పెడల్ ఎంత కొట్టినా గాలి పూర్తిగా రాదు. ముందు చక్రం బ్రేక్‌కు గాలి తీసే నిపుల్ నుంచి కింది సిలిండర్ నిపుల్‌కు ఆయిల్ నింపిన సన్న పైపు వేసి, రెండూ వదులు చేసి, ఒకరిని బ్రేక్ నెమ్మదిగా తొక్కమనండి. ఆయిల్ కింది నుంచి పైకి ఎక్కుతూ గాలిని డబ్బాలోకి నెడుతుంది. కాలు పైకి తీసేముందు ప్రతిసారీ బ్రేక్ నిపుల్ బిగించాలి. డబ్బాలో బుడగలు ఆగేదాకా ఇదే.

గేర్ రాడ్లు మూడింటినీ న్యూట్రల్‌లో పెట్టి, లివర్ కింద కంతలో పిన్ను దూర్చి, అప్పుడు పొడవు సరిచేయండి. బాక్స్‌లో చిక్కటి 90 నంబర్ గేర్ ఆయిల్ పోస్తామని మేస్త్రీలంటారు, పోయనివ్వకండి. ఈ మాన్యువల్‌కూ ఎర్ర ఆటోమేటిక్ ఆయిలే.

వైర్లలో రెండు పనులు. పాత లివర్ దగ్గర స్టార్టర్‌ను ఆపే స్విచ్ వైర్లు రెండూ కలిపేయాలి, లేకుంటే బండి స్టార్ట్ కాదు. ఇకమీదట గేర్లో ఉన్నా స్టార్టర్ తిరుగుతుంది కాబట్టి క్లచ్ తొక్కే తాళం తిప్పండి. రివర్స్ లైటు వైర్లు కొత్త బాక్స్ స్విచ్‌కు ఇవ్వండి.

చివరగా పాత ఆటోమేటిక్‌కు వెళ్ళిన ఆ వాక్యూమ్ పైపును గట్టిగా మూయండి. ఈ డీజిల్ ఇంజన్ ఆగేది కూడా వాక్యూమ్‌తోనే. నేను మొదటిసారి దాన్ని తెరిచే వదిలేశాను. తాళం తీసి జేబులో వేసుకున్నా బండి డుగుడుగుమంటూనే ఉంది, ఇంట్లోవాళ్ళు వాకిట్లోకొచ్చి చూశారు. బానెట్ ఎత్తి ఇంజన్ మీద ఎర్ర 'స్టాప్' మీట నొక్కితే గానీ ఆగలేదు.

ట్రయల్‌కు పొద్దున్నే మైపాడు రోడ్డు బాగుంటుంది. వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లోకి మాత్రం కొత్త క్లచ్‌తో మొదటి వారమే పోకండి. 200 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కిందికి దూరి క్రాస్ మెంబర్, షాఫ్ట్ బోల్టులు ఒకసారి పాన పెట్టి చూడండి. నా బండిలో రెండు వదులయ్యాయి.