భిన్నాల కూడిక నేర్పే చిన్న ట్యూటర్‌ను తయారు చేయడం ఎలా

విద్యార్థి జవాబు రాయగానే "తప్పు, మళ్లీ చేయండి" అని చెప్పి ఊరుకునే ప్రోగ్రామును క్విజ్ అనవచ్చు, ట్యూటర్ అనలేం. లెక్క ఏ స్టెప్పు దగ్గర దారి తప్పిందో పట్టుకోవాలి, ఆ స్టెప్పుకు సరిపోయే మాట చెప్పాలి, తర్వాత ఏ లెక్క ఇవ్వాలో తేల్చుకోవాలి. ఇంటెలిజెంట్ ట్యూటరింగ్ సిస్టమ్ చేసే పని ఇదే. కర్ట్ వాన్‌లేన్ అనే పరిశోధకుడు 2011లో పాత పరిశోధనలను ఒకచోట చేర్చి, ట్యూటరింగ్ లేనివారితో పోల్చి చూశారు. చివరి జవాబును మాత్రమే దిద్దే ప్రోగ్రాముల వల్ల లాభం సగటున 0.31 ప్రామాణిక విచలనాలని (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) తేలింది. స్టెప్పు స్టెప్పుకూ దిద్దేవాటికి అది 0.76. పక్కన కూర్చుని చెప్పే మనిషికి 0.79. ఇంకా లోతుకు పోయి, స్టెప్పు లోపలి ఆలోచనను కూడా గుచ్చి గుచ్చి అడిగే సిస్టమ్‌లకు వచ్చింది 0.40. కాబట్టి శ్రమంతా స్టెప్పుల మీదే పెట్టండి. అంతకన్నా చిన్న ముక్కలు చేయబోవడం మొదటి ప్రయత్నంలో దండగ.

ఉదాహరణకు హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడికను తీసుకుందాం. స్టెప్పులు స్పష్టంగా కనబడే పాఠం ఏదైనా పద్ధతి ఇంతే. వ్యాసరచన లాంటి వాటితో మాత్రం మొదలుపెట్టకండి.

ముందు కాగితం, తర్వాతే కోడ్

ఇరవై ముప్పై మంది విద్యార్థుల చేత పదేసి లెక్కలు కాగితం మీద చేయించి, కొట్టివేతలతో సహా తీసుకోండి. తప్పులను రకాలుగా వేరు చేయండి. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడేయడం (1/4 + 1/6 = 2/10) తప్పకుండా కనబడుతుంది. హారాలను 12 చేసి లవాలను అలాగే వదిలేయడం (1/12 + 1/12 = 2/12) ఇంకొకటి. పద్ధతంతా సరిగ్గా నడిపి ఎక్కం దగ్గర పొరపడటం మూడోది. మొదటి రెండిటికీ కారణం విషయం తెలియకపోవడం, మూడోది చేతి పొరపాటు. మూడిటికీ ఒకే సందేశం ఇస్తే ఎవరికీ అక్కరకు రాదు. పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లో తీసివేత లెక్కలను పరిశీలించి చూపింది ఇదే: చాలా తప్పుల వెనక ఒక తప్పుడు పద్ధతి ఉంటుంది, విద్యార్థి దాన్ని నిక్కచ్చిగా పాటిస్తుంటాడు.

తర్వాత నైపుణ్యాల జాబితా రాయండి. ఈ పాఠానికి నాలుగు చాలు: ఉమ్మడి హారం కనుక్కోవడం, సమాన భిన్నంగా మార్చడం, లవాలు కూడటం, సూక్ష్మరూపంలోకి తేవడం. ప్రతి స్టెప్పుకూ ఒక్క నైపుణ్యాన్నే తగిలించండి. రెండు తగిలిస్తే, తప్పు వచ్చినప్పుడు ఏది రాదో తేల్చడం కష్టమవుతుంది.

లెక్కల ఎంపికలో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. 1/3 + 1/4 ఇచ్చారనుకోండి, క.సా.గు. 12, హారాల లబ్ధం కూడా 12. విద్యార్థికి క.సా.గు. వచ్చో, హారాలు రెండూ గుణించేశాడో తెలియదు. 1/4 + 1/6 ఇస్తే క.సా.గు. 12, లబ్ధం 24, తేడా బయటపడుతుంది. సూక్ష్మరూపానికీ ఇలాంటి పరీక్షే: 1/4 + 1/6లో క.సా.గు. వాడినవారికి 5/12 నేరుగా వచ్చేస్తుంది, కుదించే పని ఉండదు. 1/6 + 1/10 అయితే 5/30 + 3/30 = 8/30, దాన్ని ఎవరైనా 4/15కు తేవాల్సిందే. ఒక్కో నైపుణ్యాన్నీ కనీసం ఎనిమిది పది లెక్కలు తాకేలా లెక్కల పట్టిక తయారు చేసుకోండి. అంతకు తగ్గితే విద్యార్థికి విషయం రాకముందే లెక్కలు అయిపోతాయి.

దిద్దే భాగం

లవానికి ఒక పెట్టె, హారానికి ఒక పెట్టె, స్టెప్పుకు ఒక వరస. పెట్టెలు చూపించడమే సగం పద్ధతి చెప్పేసినట్టని మరిచిపోవద్దు. మొదటి లెక్కల్లో అన్ని వరసలూ చూపించి, విద్యార్థి కుదురుకునేకొద్దీ ఒక్కొక్కటే తీసేయండి. చివరికి ఖాళీ జాగా మాత్రమే మిగలాలి.

భిన్నాలు సమానమో కాదో దశాంశాలుగా మార్చి పోల్చకండి. కంప్యూటర్ దశాంశాలను గుండ్రం చేస్తుంది కాబట్టి సరైన జవాబు కూడా ఒక్కోసారి తప్పని తేలుతుంది. అడ్డగుణకారం చేసి పూర్ణ సంఖ్యలనే పోల్చండి. అంతకుముందు ఖాళీలు తీసేయండి, వేరే లిపి అంకెలు ఉంటే మార్చుకోండి, హారం సున్నా అయితే అక్కడే ఆపండి. సమానమైతే చాలదు, ఆ స్టెప్పులో అడిగిందేమిటో కూడా చూడాలి. చివరి వరసలో 10/24 విలువ సరైనదే, సూక్ష్మరూపం కాదు. దానికి "తప్పు" అని ఎర్రరంగు వేస్తే విద్యార్థి కూడికనే అనుమానిస్తాడు. "విలువ సరిపోయింది, ఇంకా కుదించవచ్చు" అని చెప్పాలి.

సరైన దారి ఒక్కటే ఉండదు. 12 వాడినా, 24 వాడినా, 36 వాడినా ఒప్పే. ఒకసారి విద్యార్థి 24 ఎంచుకుంటే ఆ తర్వాతి వరసలన్నీ 24 మీదే దిద్దాలి. ఇక్కడ పొరపాటు చేసే ట్యూటర్లు కొల్లలు: రెండో వరసలో 24ను ఒప్పుకుని, మూడో వరసలో 12 ప్రకారం చూసి తప్పంటాయి. ఈ దారులను కోడ్ రాయకుండానే, లెక్కను చేసి చూపించి నమోదు చేసుకోవాలంటే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన సీటాట్ అనే సాధనం ఉంది. మొదటి నమూనాకు అది సరిపోతుంది.

హింట్లు

సమయం ఎక్కువ తినేది ఈ భాగమే, తినాలి కూడా. ప్రతి స్టెప్పుకూ మూడు హింట్లు రాయండి. మొదటిది చూడాల్సిన చోటు చూపిస్తుంది, రెండోది సూత్రం చెబుతుంది, మూడోది చేయాల్సిన పని చెప్పేస్తుంది. 1/4ను పన్నెండో వంతుల్లోకి మార్చే వరసకు ఇలా:

"హారం 4 నుంచి 12 అయింది. లవం సంగతి ఏమిటి?"
"హారాన్ని ఎంతతో గుణించారో లవాన్నీ అంతతోనే గుణిస్తే భిన్నం విలువ మారదు."
"4ను 3తో గుణిస్తే 12. కాబట్టి 1ని కూడా 3తో గుణించి, లవం పెట్టెలో 3 రాయండి."

మూడో హింట్ లేకుండా చేయాలనిపిస్తుంది, చేయకండి. ఎటూ కదలలేని విద్యార్థి అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. అయితే ఇచ్చిన మరుక్షణం నుంచి దాని దుర్వినియోగం కూడా మొదలవుతుంది: చదవకుండా హింట్ బటన్‌ను టకటకా నొక్కి మూడోదానికి చేరడం. రెండు హింట్ల మధ్య రెండు మూడు సెకన్లు బటన్‌ను ఆపి ఉంచితే కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు. కొందరు హింట్ మానేసి అంకెలు ఒక్కొక్కటే వేసి చూస్తారు. ఒక ప్రయత్నానికీ తర్వాతిదానికీ మధ్య సమయం చూస్తే ఇది తేలిగ్గా కనబడుతుంది. అలాంటప్పుడు మందలించే సందేశం కన్నా అదే నైపుణ్యంతో ఇంకో లెక్క ఇవ్వడం మేలు, ఎందుకంటే ఊహించి రాబట్టిన జవాబు లెక్కలోకి రాదని వాళ్లకే అర్థమవుతుంది.

తెలిసిన తప్పులకు వేరే సందేశం ఉండాలి. 2/10 వచ్చిందంటే "1/4 ఒక్కటే 2/10 కన్నా పెద్దది. దానికి ఇంకొంచెం కలిపితే జవాబు తగ్గుతుందా?" అని అడగండి. తెలియని తప్పుకు కారణం ఊహించి చెప్పవద్దు. తప్పు కారణం చెప్పే ట్యూటర్ కన్నా "ఇది సరిపోలేదు" అనే ట్యూటర్ నయం.

భాషా మోడళ్లతో (చాట్‌జీపీటీ లాంటివాటితో) హింట్లు రాయించేవారు ఒక హద్దు పెట్టుకోవాలి. మాటలను మలచడానికి వాటిని వాడండి, ఒప్పో తప్పో తేల్చే పని మాత్రం కోడ్‌కే వదలండి. మొదటి హింట్‌లోనే జవాబు చెప్పేయడం, విద్యార్థి గట్టిగా వాదిస్తే తప్పు జవాబును కూడా ఒప్పే అనేయడం వాటికి ఉన్న జబ్బులు.

ఎంత వచ్చిందో అంచనా వేయడం

ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్ 1990ల మధ్యలో ప్రతిపాదించిన బేజియన్ నాలెడ్జ్ ట్రేసింగ్ (ఒక్కో జవాబు చూసి, విద్యార్థికి ఆ నైపుణ్యం వచ్చి ఉండే సంభావ్యతను సవరించుకుంటూ పోయే పద్ధతి) ఇప్పటికీ చిన్న ట్యూటర్లకు చక్కగా సరిపోతుంది. ప్రతి నైపుణ్యానికీ నాలుగు అంకెలు కావాలి. మొదలుపెట్టడానికి ఇవి వాడండి: ముందే తెలిసి ఉండే సంభావ్యత 0.30, ఒక్కో అవకాశంలో నేర్చుకునే సంభావ్యత 0.15, తెలియకపోయినా ఊహించి ఒప్పు రాసే సంభావ్యత 0.20, తెలిసినా పొరపడే సంభావ్యత 0.10.

విద్యార్థి మొదటి స్టెప్పు ఒప్పు చేశాడనుకోండి. తెలిసి ఒప్పు చేసే పాలు 0.30 × 0.90 = 0.27. తెలియక ఊహించే పాలు 0.70 × 0.20 = 0.14. మొత్తం 0.41లో 0.27 అంటే 0.66. ఈ స్టెప్పులోనే నేర్చుకుని ఉండవచ్చు కాబట్టి మిగిలిన 0.34లో 15 శాతం కలపాలి, 0.71 వస్తుంది. రెండో ఒప్పుకు 0.93, మూడో ఒప్పుకు 0.99 అవుతుంది. 0.95 దాటితే వచ్చినట్టే అనుకోవడం మామూలు పద్ధతి, అంటే వరసగా మూడు ఒప్పులు చాలు. మొదటిదే తప్పు చేసినవాడికి 0.03ను 0.59తో భాగిస్తే 0.05, నేర్చుకునే పాలు కలిపితే 0.19.

రెండు నియమాలు తప్పితే ఈ లెక్కంతా బూడిద పాలే. ఒకటి, స్టెప్పులో మొదటి ప్రయత్నాన్నే లెక్కించాలి, మొదట హింట్ అడిగితే తప్పుగా తీసుకోవాలి. మూడో హింట్ చూసి రాసిన జవాబును ఒప్పు కింద కలిపితే అందరూ రెండు రోజుల్లో పండితులైపోతారు. రెండోది, ఊహ, పొరపాటు సంభావ్యతలు రెండూ కలిపి 1 దాటకూడదు. దాటితే ఒప్పు చేసినకొద్దీ అంచనా పడిపోతుంది. డేటా నుంచి ఈ అంకెలను సాఫ్ట్‌వేర్ చేత కట్టించేటప్పుడు ఊహకు 0.30, పొరపాటుకు 0.10 పైహద్దుగా పెట్టడం క్షేమం. నాలుగు ఎంపికల ప్రశ్న అయితే ఊహకు కనీసం 0.25 ఇవ్వాలి. పెట్టెలో అంకె రాయించడం మేలనేది అందుకే.

పది అవకాశాలు దాటినా 0.95 రాకపోతే ఇంకో పది లెక్కలు ఇచ్చి లాభం లేదు. ఆ నైపుణ్యాన్ని ఆపి, ముందుమెట్టుకు (ఇక్కడ ఎక్కాలు గానీ, సమాన భిన్నం అన్న భావన గానీ) తీసుకెళ్లండి, టీచరుకు కబురు పెట్టండి.

లాగ్‌లో (ట్యూటర్ దాచుకునే నమోదులో) ఏం ఉండాలి

విద్యార్థి సంకేతం, సెషన్, లెక్క, స్టెప్పు, నైపుణ్యం, ప్రయత్నం సంఖ్య, రాసిన జవాబు ఉన్నదున్నట్టు, ఫలితం (ఒప్పు, తప్పు, హింట్), గుర్తించిన తప్పు రకం, సమయం. రాసిన జవాబును దాచకపోతే కొత్త తప్పు రకాలు ఎప్పటికీ కనబడవు.

ఒక్కో నైపుణ్యానికీ గీత గీయండి: అడ్డంగా ఎన్నో అవకాశం, నిలువుగా మొదటి ప్రయత్నంలో తప్పుల శాతం. గీత దిగుతుంటే బాగున్నట్టే. దిగకుండా అడ్డంగా పోతుంటే, ఒక పేరు కింద రెండు నైపుణ్యాలు ఇరుక్కున్నాయేమో చూడండి. "సమాన భిన్నం"లో లవం 1గా ఉండే యూనిట్ భిన్నాలు (1/4) ఒక రకంగా, 3/4 లాంటివి ఇంకో రకంగా నడవడం కద్దు, విడదీస్తే రెండు గీతలూ దిగుతాయి. మొదటి నుంచీ అడుగునే ఉంటే ఆ నైపుణ్యానికి లెక్కలు తగ్గించండి. కుడి చివర గీత పైకి లేస్తే కంగారుపడనక్కర్లేదు: వచ్చినవాళ్లు ముందే బయటికి వెళ్లిపోయారు, అక్కడ మిగిలింది ఇబ్బంది పడుతున్నవాళ్లే. ఒక్కో బిందువు కింద ఎంతమంది ఉన్నారో కూడా రాస్తే ఈ భ్రమ ఉండదు.

నేర్చుకున్నారా లేదా అన్నది ట్యూటర్ అంచనాతో తేల్చకండి, అది తన పేపరు తానే దిద్దుకున్నట్టు. ఒకే పోలికతో, వేరే అంకెలతో అ, ఆ అనే రెండు పేపర్లు తయారు చేసి, సగం మందికి ట్యూటర్ వాడకముందు అ, వాడిన తర్వాత ఆ ఇవ్వండి. మిగతా సగానికి తిరగేసి ఇవ్వండి. పేపర్లలో పెట్టెలు, హింట్లు ఉండకూడదు.