ఆడిట్ సీజన్ ముందు ఆఫీసు ఫైళ్లు కొత్త టూల్‌లోకి మారుస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

ఆడిటర్ ఆఫీసుల్లో జూన్ నెలలో కాస్త ఊపిరి ఆడుతుంది. సరిగ్గా అప్పుడే సార్‌కి ఒక ఆలోచన వస్తుంది. "ఈ వాట్సాప్‌లో ఫైళ్లు పంపుకోవడం ఆపేద్దాం. అందరికీ ఒకే చోట కనిపించేలా ఏదన్నా పెట్టండి" అంటారు. ఆలోచన మంచిదే. కానీ నాలుగు డెమోలు చూసి, కొటేషన్లు తెప్పించి, చేసేవాళ్లకు తీరిక దొరికేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. సెప్టెంబరు 30కి టాక్స్ ఆడిట్ రిపోర్టులు వెళ్లాలి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, 11న జీఎస్టీఆర్-1, 20న 3బి ఎలాగూ ఉంటాయి. ఆ రోజుల్లో ఫైళ్ల చోటు మార్చడమంటే పంక్తిలో విస్తళ్లు వేశాక పొయ్యి మార్చడమే.

గుంటూరులో పన్నెండు మంది పనిచేసే ఆఫీసులో సిస్టమ్‌ల వ్యవహారం చూసేది నేను. నా లెక్క ఒకటే: జూన్‌లో మొదలుపెట్టిన మార్పు జులై మొదటి వారానికి ముగియకపోతే, ఇక నవంబరు దాకా ముట్టుకోకూడదు.

టూల్ పేర్లు వెతికే ముందు, 'సర్వర్' అని మనం పిలుచుకునే ఆ మూల కంప్యూటర్ ముందు ఒక గంట కూర్చోండి. మా దాంట్లో మూడు రకాలు తేలాయి. రోజూ నలుగురూ తెరిచే ఎక్సెల్, వర్డ్ ఫైళ్లు ఒకటి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలోని డేటా ఇంకొకటి. మూడోది క్లయింట్ల ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, దస్తావేజుల స్కాన్లు. ఈ మూడూ ఒకే టూల్‌లో ఇమడవని ముందే ఒప్పుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ట్యాలీ ఫోల్డర్‌ను సింక్‌లో పెట్టకండి

ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే కాబట్టి ముందు ఇదే చెబుతున్నాను. ట్యాలీలో ఒక్కో కంపెనీ డేటా అంకెల పేరున్న ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి గూగుల్ డ్రైవ్‌, వన్‌డ్రైవ్‌, డ్రాప్‌బాక్స్‌ లాంటి వాటిలో సింక్ అయ్యే చోట, అంటే మార్పులు ఎప్పటికప్పుడు వాటంతటవే క్లౌడ్‌కి ఎక్కే చోట, పెడితే ఇంటి నుంచి కూడా పనిచేసుకోవచ్చని చాలామందికి తోస్తుంది. ఆ పని చేయకండి. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒకదానితో ఒకటి సరిపోవాలి. వోచర్లు ఎక్కిస్తున్నంతసేపూ అవి మారుతూనే ఉంటాయి. సింక్ ప్రోగ్రామ్‌కు ఆ సంగతి పట్టదు, సగం కొత్తవి, సగం పాతవి పైకి పంపేస్తుంది. అదే కంపెనీ ఇంకో సిస్టమ్‌లో కూడా తెరిచి ఉంటే రెండు కాపీలు తయారవుతాయి. మర్నాడు పొద్దున కంపెనీ తెరుచుకోదు.

ట్యాలీ డేటా ఆఫీసులోనే ఒక కంప్యూటర్‌లో ఉండనివ్వండి. మిగతావాళ్లు ఆఫీసు నెట్‌వర్క్ మీదే దాన్ని తెరవాలి. సాయంత్రం అందరూ ట్యాలీ మూసేశాక దాని సొంత బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును మాత్రం క్లౌడ్‌కి పంపండి. ఇంటి నుంచి చేసేవాళ్లకు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) మీద రిమోట్ డెస్క్‌టాప్ (ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచే నడపడం) ఇవ్వొచ్చు. వీపీఎన్ లేకుండా రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెడితే మాత్రం వీధి తలుపు బార్లా తీసి పడుకున్నట్టే.

కంపెనీలకు ఇంకో నిబంధన ఉంది. 2022 ఆగస్టులో సవరించిన కంపెనీల అకౌంట్స్ రూల్స్ ప్రకారం, కంప్యూటర్‌లో రాసే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో పడాలి. అందుకే టూల్ అమ్మేవాళ్లను డేటా ఎక్కడ ఉంటుందో అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఫోన్లో చెప్పే "ఇండియాలోనే సార్" చెల్లదు.

ఫైలు ఎవరి పేరు మీద ఉంది?

కొన్నేళ్ల కిందటి మాట. మేం ఏ టూలూ కొనలేదు. మా దగ్గర ఆర్టికల్స్ (సీఏ కోర్సులో భాగంగా చేసే శిక్షణ) చేస్తున్న ఒకబ్బాయి తన సొంత జీమెయిల్‌తో ఒక ఫోల్డర్ తెరిచి అందరికీ షేర్ చేశాడు. బ్రహ్మాండంగా నడిచింది. ఆర్టికల్స్ అయిపోయాయి, వెళ్లిపోయాడు. నాలుగు నెలల తర్వాత అతని ఫోన్లో ఫొటోలకు చోటు చాల్లేదు. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిళ్లు, ఫొటోలు, డ్రైవ్ అన్నీ సర్దుకోవాలి కదా. బరువైన ఫోల్డర్లు వెతికి డిలీట్ కొట్టాడు, ట్రాష్ కూడా ఖాళీ చేశాడు. ఫోన్ చేస్తే "అయ్యో అన్నా, మీ కాపీలు మీ దగ్గర ఉన్నాయనుకున్నా" అన్నాడు. అతన్ని అనడానికేం లేదు, అది అతని డ్రైవ్. నోటీసుకు జవాబుగా ఇవ్వాల్సిన ఒక స్టేట్‌మెంట్‌ను బిల్లులన్నీ ముందేసుకుని మళ్లీ తయారు చేసేసరికి నాకు నాలుగు రాత్రులు పట్టింది.

అప్పటి నుంచి ఏ డెమోలోనైనా ముందు ఇదే అడుగుతాను. గూగుల్ వర్క్‌స్పేస్‌లో 'మై డ్రైవ్'లో పెట్టిన ఫైలు ఆ ఉద్యోగి పేరు మీద ఉంటుంది, 'షేర్డ్ డ్రైవ్'లో పెట్టినది సంస్థ పేరు మీద ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో వన్‌డ్రైవ్ మనిషిది, షేర్‌పాయింట్ సైట్ ఆఫీసుది. జోహో వర్క్‌డ్రైవ్‌లో టీమ్ ఫోల్డర్లు ఉంటాయి. మీరు కొనబోయే ప్లాన్‌లో ఆ ఉమ్మడి చోటు ఉందో లేదో చూసుకోండి, చౌక ప్లాన్లలో కోత పడేది అక్కడే. క్లయింట్ పని ఏదైనా ఉమ్మడి చోటే పుట్టాలి. 'ముందు నా దాంట్లో చేసి తర్వాత అక్కడ పెడతా' అన్నవాళ్లు పెట్టడం నేనింతవరకూ చూడలేదు.

డిలీట్ అయినవి ఎన్నాళ్లు దొరుకుతాయో కూడా తెలిసి ఉండాలి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు, షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి అకౌంట్ తీసేస్తే అతని వన్‌డ్రైవ్ మామూలు సెట్టింగ్‌లో 30 రోజులే నిలుస్తుంది. మన ఆఫీసుల్లో ఒక ఫైలు పోయిందని తెలిసేది ఏడాది తర్వాత, పన్ను శాఖ నుంచి స్క్రూటినీ నోటీసు చేతికొచ్చినప్పుడు. అందుకని క్లౌడ్‌లో ఉన్నదానికి కూడా వేరే బ్యాకప్ ఉండాల్సిందే.

శనివారం లింకుల పరీక్ష

సీజన్ ముందు ఒక శనివారం నేను చేసే పని ఇది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పైకి జరుపుకుంటూ వెళ్లి, ఏడాదిగా పంపుకున్న లింకుల్లో ఓ పది ఏరుతాను. ఫోన్లో వైఫై ఆపి, క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి, ఒక్కోటీ అతికించి చూస్తాను. లాగిన్ అడిగితే సరే. కిందటిసారి ఏడో లింకు కొట్టగానే, ఏమీ అడగకుండా, ఒక రైస్ మిల్లు భాగస్తులు ముగ్గురి ఆధార్ కార్డులు తెర మీద పరుచుకున్నాయి. పక్కనే వాళ్ల సంతకాల నమూనా కాగితం. ఎవరో లోన్ పని కోసం 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని పెట్టి బ్యాంకుకు పంపి, మర్చిపోయారు. పద్నాలుగు నెలలుగా అలాగే ఉంది.

ఇది ఉద్యోగుల జ్ఞాపకశక్తికి వదిలేసే విషయం కాదు. అడ్మిన్ సెట్టింగుల్లోనే బయటి షేరింగ్‌ను మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకు మాత్రమే పరిమితం చేయండి, వీలుంటే గడువు పెట్టండి. గడువు పెట్టే వీలు లేని టూల్ అయితే స్కాన్ల ఫోల్డర్‌కు బయటి షేరింగ్ మొత్తం ఆపేయడమే మేలు. ఆధార్ పూర్తి నంబరు అక్కర్లేని చోట మాస్క్‌డ్ ఆధార్ అడగండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాకు తగిన భద్రత పెట్టనందుకు జరిమానా రూ.250 కోట్ల దాకా ఉంది. అంత మొత్తం మనలాంటి ఆఫీసు మీద వేస్తారని కాదు. కానీ ఆ రైస్ మిల్లు ఆయన మన టేబుల్ ముందుకొచ్చి కూర్చుంటే ఏం చెబుతాం?

సొంత డబ్బా కొనేవాళ్లకు

"నెలనెలా మనిషికింత అని కట్టడం ఎందుకు, మనదే ఒకటి కొని మూల పెట్టేద్దాం" అనేవాళ్ల మాటలో న్యాయం ఉంది. సైనాలజీ, క్యూనాప్ లాంటి ఎన్ఏఎస్ డబ్బాలు (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టెలు) ఆఫీసు లోపల చక్కగా పనిచేస్తాయి, నెట్ పోయినా ఫైళ్లు తెరుచుకుంటాయి. పాత కంప్యూటర్ మీద నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత క్లౌడ్ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అయితే దాన్ని చూసుకునే మనిషి ఆఫీసులో ఉన్నప్పుడే ఈ దారి పట్టండి.

డబ్బాను బయటి ఇంటర్నెట్‌కి తెరవకండి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేవి) ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్ డబ్బాల మీదే పడ్డాయి. లోపల రెండు డిస్కులు వేసి, రెండింట్లోనూ ఒకే డేటా ఉండేలా రెయిడ్ పెట్టామని ధీమా కూడా వద్దు. ఒక డిస్కు పాడైతే రెయిడ్ కాపాడుతుంది. ఎవరో ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ శుభ్రంగా పోతుంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఆఫీసు బయట అనేది పాత లెక్కే అయినా దాన్ని మించింది ఇంకా రాలేదు. ఇక ఎండాకాలం కరెంటు కోతల సంగతి తెలిసిందే, డబ్బాకు యూపీఎస్ పెట్టండి.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు. పాత జిరాక్స్ మెషీన్ల నుంచి నేరుగా ఫోల్డర్‌లోకి స్కాన్ చేయాలంటే విండోస్‌లో ఎస్ఎంబీ-1 అనే, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఆన్ చేయమంటారు. సర్వీసుకు వచ్చిన అబ్బాయి రెండు నిమిషాల్లో ఆన్ చేసి వెళ్లిపోతాడు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ దారినే. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు ఇరుక్కున్నారు. మీ మెషీన్ ఎస్ఎంబీ-1 తప్ప ఒప్పుకోకపోతే పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ చేసుకోండి, విసుగైనా సరే. ఒకవేళ ఏదైనా జరిగితే, గమనించిన 6 గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. ఆ మెయిల్ ఐడీ ముందే రాసి పెట్టుకోండి.

అను ఫాంట్లు, పనుల బోర్డు, ఓటీపీ

పాత పార్ట్‌నర్‌షిప్ డీడ్లు చాలావరకు అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేయించినవే. వాటిని క్లౌడ్‌లో తెరిస్తే తెలుగు బదులు గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి, వెతికితే దొరకవు. మార్చే ముందే ఒక్కోదానికి పీడీఎఫ్ తీసి పక్కన పెట్టండి. ఫైలు పేరులో క్లయింట్ కోడ్, సంవత్సరం ఉంటే చాలు. 'ఫైనల్ కొత్తది సార్ కరెక్షన్ 3' లాంటి పేర్లు పాత డబ్బాలోనే వదిలేయండి, కొత్త చోట పాత వెర్షన్లను టూలే గుర్తుపెట్టుకుంటుంది.

ఎవరి దగ్గర ఏ క్లయింట్ పని ఆగిందో చూసుకోవడానికి ట్రెల్లో, ఆసనా, ప్లానర్, జోహో ప్రాజెక్ట్స్, ఏదైనా పరవాలేదు. నా ఓటు మీరు ఫైళ్లకు తీసుకున్న కంపెనీదే దీనికీ వాడమని, ఇంకో లాగిన్ తప్పుతుంది. కార్డుకు ఫైలు అతికించకుండా లింకు పెట్టడం అలవాటు చేయండి, లేకపోతే మళ్లీ రెండు కాపీలు. ఉచిత ప్లాన్ల షరతులు చదవండి. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజుల మెసేజులే కనిపిస్తాయి. పెద్ద పేరు కదా అని కూడా భరోసా లేదు. ఆఫీసుల లోపలి వాడకానికి మెటా నడిపిన వర్క్‌ప్లేస్‌ను మూసేస్తున్నట్టు 2024 మేలో ప్రకటించారు. జీరా, కాన్‌ఫ్లుయెన్స్ లాంటి టూల్స్ చేసే అట్లాసియన్ కంపెనీ సర్వర్ వెర్షన్లకు 2024 ఫిబ్రవరి 15తో సపోర్ట్ ఆగిపోయింది. అందుకే ట్రయల్‌లో ఉండగానే మొత్తం ఎక్స్‌పోర్ట్ కొట్టి, వచ్చిన జిప్ ఫైలు తెరిచి చూడండి.

డబ్బు కట్టే కార్డు ఎవరిదో, ఓటీపీ ఎవరికి వెళ్తుందో కూడా చూసుకోవాలి. రూ.15,000 దాటిన ఆటోమేటిక్ చెల్లింపుకు ఓటీపీ కావాలి. ఏడాది బిల్లు ఆ మొత్తాన్ని తేలిగ్గా దాటుతుంది. ఒకసారి మాకు రెన్యువల్ గడువు వచ్చిన రోజు సార్ తిరుమలలో క్యూలో ఉన్నారు, ఫోన్ కౌంటర్‌లో డిపాజిట్ చేశారు. రాత్రి తొమ్మిదింటి దాకా టెన్షనే. అడ్మిన్ అకౌంట్లు ఇద్దరికి ఉండాలి, రికవరీ నంబరు ఆఫీసు సిమ్‌దై ఉండాలి.

మార్చే రోజు

మా దగ్గర 400 జీబీ తేలింది. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిరాటంకంగా వచ్చినా 18 గంటలు. నిజానికి శుక్రవారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నానికి అయింది. ముందుగా ఇద్దరు క్లయింట్ల ఫైళ్లే మార్చి, ఒక వారం వాటి మీదే పనిచేయించాం. మొత్తం మార్చాక పాత షేర్డ్ ఫోల్డర్‌ను చదవడానికి తప్ప రాయడానికి వీల్లేకుండా చేశాం. ఇది చేయకపోతే అలవాటు కొద్దీ ఎవరో ఒకరు పాతదాంట్లోనే సేవ్ చేస్తారు. సోమవారం పదింటికి మొదటి కేక వినిపించింది: "అన్నా, సేవ్ అవ్వట్లేదు!" మధ్యాహ్నానికి మరో నాలుగు. బుధవారం నుంచి లేవు. ఆ శుక్రవారం ఒక బ్యాలెన్స్ షీట్ కావాలని డిలీట్ చేసి, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, సార్ చేత తెరిపించి చూపించాను. పాత డిస్కు ఇప్పటికీ బీరువాలో ఉంది, మీద తేదీ రాసిన చీటీతో.