కొత్త రెజిన్ డ్రైవ్‌వే మీద నీళ్లు నిలుస్తున్నాయా?

ఇంగ్లండ్‌లో ఇంటి ముందు కారు నిలిపే పాత తారు డ్రైవ్‌వే స్థానంలో నీళ్లు ఇంకే రెజిన్ (చిన్న రాళ్లను రెజిన్ జిగురులో కలిపి, సందులుండేలా పరిచే 'బౌండ్' రకం) వేయించుకున్న మనవాళ్లు నాకు పంపే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. వాన వెలిసి గంటలైనా పల్లం వైపు అంచున నీళ్లు.

ముందు చీపురు పట్టండి. ఆకుల పొడి, నాచు చేరి రాళ్ల సందులు పూడిపోతాయి. ఊడ్చి, ప్రెషర్ వాషర్‌ని కాస్త ఎత్తున పట్టుకుని కడగండి. ఇది చేయకుండానే "కాంట్రాక్టర్ ముంచేశాడు" అని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. ఉపరితలం నున్నగా కాకుండా గరుకుగా, రాళ్లు పైకి పొడుచుకుని ఉంటే అది బౌండ్ కాదు, బాండెడ్. రెజిన్ పూసి పైన రాళ్లు చల్లిన రకం. దాన్ని ఎంత కడిగినా నీళ్లు దిగవు.

కడిగినా నిలుస్తున్నాయంటే దొంగ కింద ఉన్నాడు. "పాత తారు గట్టిగానే ఉంది, దాని మీదే వేసేద్దాం" అన్న మాట వినే ఉంటారు. మామూలు తారు నీళ్లను దిగనివ్వదు. మొదట్లో నేనూ అలాగే వేసి, బకెట్ నీళ్లు పోసి చూపించాను. చిటికెలో ఇంకిపోయాయి, ఇంటాయన మురిసిపోయాడు. చలికాలంలో ఆ నీళ్లే లోపల గడ్డకట్టి అంచున రాళ్లు ఊడొచ్చాయి.

బకెట్ పరీక్ష ఎందుకు మోసం చేస్తుందంటే, 18 మిల్లీమీటర్ల పొరలో ఐదో వంతు ఖాళీ ఉందనుకున్నా చదరపు మీటరుకు మూడున్నర లీటర్లు దాక్కుంటాయి. నీళ్లు నేలలోకి పోలేదు, పొరలో కూర్చున్నాయి. అందుకే ఎగువన పైపు పెట్టి ఇరవై నిమిషాలు వదలండి. పల్లం అంచు నుంచి నీళ్లు ఊరుతుంటే కింద మూసుకుపోయినట్టే.

సరైన మందు తవ్వి తీయడమే. సన్నపొడి లేని టైప్ 3 కంకర, దానిపై నీళ్లు దిగేలా సందులుండే ఓపెన్ గ్రేడెడ్ తారు, ఆపైన రెజిన్. మామూలు టైప్ 1 కంకరలో పొడి ఉంటుంది, దిమ్మిస్తే బిగుసుకుపోతుంది. పాత తారుకు బెజ్జాలు కొట్టడం సగం మందే, అడుగున టైప్ 1 ఉంటే అదీ పనిచేయదు. అంత ఖర్చు వద్దనుకుంటే పల్లం అంచున కంకర కాలువ తవ్వి పూలమడిలోకి వదలండి. నీళ్లు రోడ్డు మీదికి మాత్రం పోకూడదు. ఇంటి ముందు 5 చదరపు మీటర్లు దాటి నీళ్లు ఇంకని పరుపు వేసి, వాన నీటిని మట్టిలోకి మళ్లించకపోతే 2008 నుంచి అక్కడ ప్లానింగ్ పర్మిషన్ కావాలి.

తెల్ల నురగ మచ్చలుంటే వేసేటప్పుడు తడి తగిలింది. పసుపెక్కితే ఎండకు ఆగని చవక రెజిన్. నీళ్లు నిలవడానికి ఈ రెండూ కారణం కావు.